పత్రములకు గుర్తుల భాష



నేడు నేను మనవి చేయబోవు విషయము పేరునకు క్రొత్తగా వినబడును. కంప్యూటరులో దాచు పత్రములయందు ఏ భాగము ఏమిటో తెలియునట్లు గుర్తులు పెట్టుటకై కొన్ని భాషలు ఏర్పడినవి. ఆంగ్లమున వానిని మార్కప్ భాషలందురు. మనము గుర్తుల భాషలని చెప్పుకొందము. పేరు క్రొత్తదైనను దాని వెనుకనున్న అవసరము మీరు చిరకాలముగా ఎఱిగినదే. దస్తావేజులు, అడంగలు లెక్కలు, ఇనాము పట్టాలు చేత బట్టి చదివినవారికి ఈ సంగతి తేలికగా బోధపడునని నా నమ్మకము.

ఒక భూమి విక్రయ దస్తావేజును తీసికొనుడు. అమ్మినవారెవరో, కొన్నవారెవరో, క్రయధనమెంతయో, నాలుగు సరిహద్దులేవో మీరు ఒక్క చూపున గ్రహింతురు. "తూర్పునకు" అను మాట కనబడగానే సరిహద్దుల వివరము ప్రారంభమైనదని మీకు తెలియును. అటువంటి పత్రములు పెక్కు చూచిన అనుభవము మీకు కలదు. యంత్రమునకు ఆ పత్రమంతయు అక్షరముల వరుస మాత్రమే. లక్ష పత్రములలోని అక్షరములను అది క్షణములో తిరుగవేయగలదు గాని, ఈ అంకె ధరయా, విస్తీర్ణమా, సర్వే నంబరా యని తనంత తాను నిశ్చయింపజాలదు. ఇటీవల వచ్చిన యంత్రములు కొన్ని, చుట్టునున్న మాటలను బట్టి ఊహించి చెప్పుచున్నవి. ఆ ఊహ తఱచుగా సరిపోవును. కాని భూమి కాగితము విషయమున తఱచుగా సరిపోవుట చాలునా?

ఒక్క ఉదాహరణము చెప్పెదను. ఒక కాగితముపై విస్తీర్ణము "2-20" అని వ్రాసియున్నదనుకొనుడు. కోస్తాజిల్లాల పెద్ద దానిని చదివి, రెండెకరముల ఇరువది సెంట్లు అనును. తెలంగాణపు పెద్ద చదివి, రెండెకరముల ఇరువది గుంటలు అనును. ఎకరమునకు సెంట్లు 100, గుంటలు 40. మొదటివారి లెక్కకు భూమి రెండెకరములును మఱి అయిదవ వంతును. రెండవవారి లెక్కకు సరిగా రెండున్నర ఎకరములు. నడుమ తేడా 30 సెంట్లు. కాగితముపైనున్న అంకెలు ఒక్కటే. వ్రాసినవారు తప్పు వ్రాయలేదు, చదివినవారు తప్పు చదువలేదు. అంకె ప్రక్కన ఉండవలసిన మాట ఒకటి లోపించినది. ఆ మాటను పత్రములోనే, యంత్రమునకు సైతము తెలియునట్లు, విడువక వ్రాయు పద్ధతియే ఈ గుర్తుల భాష.

దీని పుట్టుక అచ్చుకూటములలో జరిగినది. పూర్వము గ్రంథకర్త వ్రాతప్రతి అచ్చునకు పోవునప్పుడు, దానిని పరిష్కరించువారు అంచులయందు సూచనలు వ్రాయువారు. ఇది పెద్ద అక్షరములలో కూర్పవలయును, ఇది వాలుటక్షరములలో ఉండవలయును, ఇక్కడ రెండు పంక్తులు విడువవలయును అని ఆ సూచనలు. కంపోజిటరు వానిని చూచి అక్షరములు కూర్చెడివాడు. అట్లు ప్రతిపై గుర్తులు పెట్టుటకే ఆంగ్లమున మార్కప్ అని పేరు. అచ్చుపని కంప్యూటరు చేతికి వచ్చిన తరువాత ఆ సూచనలనే యంత్రమునకు అర్థమగు సంకేతములుగా పాఠము నడుమ చొప్పించుచు వచ్చిరి.

ఇందు రెండు చిక్కులు కలిగినవి. మొదటిది, ఒక యంత్రమునకు వ్రాసిన సంకేతములు మఱియొక యంత్రమునకు తెలియవు. యంత్రము మార్చినప్పుడెల్ల పత్రములను మరల సవరింపవలసి వచ్చెడిది. రెండవది ఇంకను లోతైనది. వాలుటక్షరములని సూచన వ్రాసిరేగాని, ఏ కారణముచేత వాలుటక్షరములో వ్రాయలేదు. గ్రంథము పేరు వాలుటక్షరములలో నుండును. పరభాషా పదమును అట్లే యుండును. చదువరి భేదమెఱుగును. యంత్రమునకు రెండును ఒక్కటే. పత్రములోని గ్రంథముల పేర్లన్నియు ఏఱి యిమ్మన్నచో అది ఇయ్యలేదు.

1967వ సంవత్సరము సెప్టెంబరులో కెనడా ప్రభుత్వ ముద్రణాలయమున జరిగిన ఒక సమావేశమున విలియం టన్నిక్లిఫ్ అను నాతడు, పత్రములోని విషయమును దాని రూపమునుండి వేఱు చేయవలయునని ప్రతిపాదించెను. విషయము ఒకచోట, ముస్తాబు వేఱొకచోట ఉండవలయునని దీని తాత్పర్యము. 1969లో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థలో చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ అను మువ్వురు ఇట్టి భాషనొకదానిని నిర్మించిరి. వీరిలో గోల్డ్‌ఫార్బ్ వృత్తిచే న్యాయవాది యగుట గమనింపదగినది. న్యాయవాదుల కార్యాలయములలోని పత్రములను కంప్యూటరుచే నిర్వహించుట వారి పని. పత్రమును దిద్దుటకు ఒక సాధనము, వెదకుటకు ఒకటి, అచ్చునకు పేజీలు కూర్చుటకు మఱియొకటి యుండెను. ఒకదాని సంకేతములు వేఱొకదానికి తెలియవు. అందుచే వారు, పత్రములో ఇది శీర్షిక, ఇది పేరా, ఇది పట్టిక అని భాగముల స్వభావమును మాత్రము చెప్పు గుర్తులనుంచి, ఆ గుర్తును చూచి ఏమి చేయవలయునో ఏ సాధనమున కా సాధనమే నిర్ణయించుకొనునట్లు ఏర్పఱచిరి. ఆ భాషకు జి.ఎం.ఎల్. అని పేరు పెట్టిరి. ఆ మూడక్షరములు ఆ మువ్వురి యింటిపేర్ల మొదటి అక్షరములే. దానినుండియే ఎస్.జి.ఎం.ఎల్. అను భాష ఏర్పడి, 1986లో 8879వ సంఖ్య గల అంతర్జాతీయ ప్రమాణముగా ప్రకటింపబడినది.

ఆ ప్రమాణము మిక్కిలి విస్తృతము, కఠినము. దాని ననుసరించి ముఖ్యముగా రెండు భాషలు వ్యాప్తికి వచ్చినవి. జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బర్నర్స్‌లీ నిర్మించిన హెచ్.టి.ఎం.ఎల్. ఒకటి; టెలిఫోనులోను కంప్యూటరులోను మనము చూచు పుటలన్నియు దానితో అల్లినవే. అందు గుర్తులు ముందే నిర్ణయింపబడియున్నవి. శీర్షిక కలదు, పేరా కలదు. సరిహద్దు లేదు, విస్తీర్ణము లేదు. ఆ కొఱత తీర్చుటకు వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం అను సంస్థ, జాన్ బోసాక్ నాయకత్వమున ఒక సంఘమును కూర్చి, 1998 ఫిబ్రవరి 10వ తేదీన ఎక్స్.ఎం.ఎల్. అను భాషను ప్రకటించెను. ఈ భాషలో గుర్తుల పేర్లు మనమే పెట్టుకొనవచ్చును. ఎట్లు పెట్టవలయునను నియమములు మాత్రము భాష నిర్ణయించును.

దీనిని మాటలతో చెప్పుటకంటె చూపుట మేలు. పైని చెప్పిన భూమి వివరమును ఆ భాషలో ఇట్లు వ్రాయవచ్చును.

<భూమి>
  <విస్తీర్ణము ప్రమాణము="ఎకరము-సెంటు">2-20</విస్తీర్ణము>
  <సరిహద్దులు>
    <తూర్పు>చెఱువు గట్టు</తూర్పు>
    <దక్షిణము>బండి బాట</దక్షిణము>
    <పడమర>పంట కాలువ</పడమర>
    <ఉత్తరము>శివాలయపు మాన్యము</ఉత్తరము>
  </సరిహద్దులు>
</భూమి>

ఇందు బాణపు మొనలవంటి రెండు గీతల నడుమనున్న పేరు గుర్తు. ప్రతి భాగమునకును మొదట తెఱచు గుర్తు, చివర మూయు గుర్తు ఉండును. మూయు గుర్తులో పేరునకు ముందు ఒక అడ్డగీత యుండును. విస్తీర్ణమను గుర్తులోపల ప్రమాణమను గుణమును చేర్చితిమి. ఇక సెంట్లా గుంటలా యను సందేహమునకు తావులేదు.

నియమములు కొలదియే. తెఱచినదానిని మూయవలయును. పెద్ద పెట్టెలో చిన్న పెట్టె నుంచినవారు, చిన్నదాని మూత వేసిన పిదపనే పెద్దదాని మూత వేయుదురు. అట్లే లోపలి భాగము ముగిసిన తరువాతనే వెలుపలి భాగము ముగియవలయును. అన్నింటిని ఇముడ్చుకొను పెట్టె ఒక్కటే యుండవలయును. ఈ నియమములలో ఏది తప్పినను యంత్రము పత్రమును స్వీకరింపక, తప్పు జరిగిన చోటు చూపును.

మఱియొక సదుపాయము కలదు. ఇటువంటి పత్రములో ఏయే భాగములు తప్పక ఉండవలయునో తెలుపు లక్షణ పత్రమును వేఱుగా వ్రాసి యుంచవచ్చును. ప్రతి భూమికిని విస్తీర్ణము ఒకటి, దిక్కులు నాలుగు ఉండవలయునని అందు వ్రాసితిమేని, పడమటి సరిహద్దు విడిచిన పత్రమును యంత్రము వెంటనే పట్టుకొనును. అయితే పడమట నిజముగా పంట కాలువ కలదా యను విషయము యంత్రమెఱుగదు. అది పొలము గట్టున నిలిచి చూచిన మనుష్యుడు చెప్పవలసినదే.

పై పత్రమున అక్షరముల పరిమాణమును గుఱించిగాని, రంగును గుఱించిగాని ఒక్క మాటయు లేదని మీరు గమనించియుందురు. ఆ సంగతి వేఱొక పత్రమున నుండును. అందుచే ఒక్క మూలమునుండియే చిన్న అక్షరములతో అచ్చు వేయవచ్చును. చూపు మందగించినవారికి పెద్ద అక్షరములతో చూపవచ్చును. కన్నులు లేనివారికి యంత్రముచే చదివింపవచ్చును. అంధులకై ఏర్పడిన డైసీ అను వినికిడి పుస్తకముల ప్రమాణము ఈ ఎక్స్.ఎం.ఎల్. మీదనే ఆధారపడి యున్నది. ఎక్కడ అధ్యాయము మొదలగునో, ఎక్కడ పుట మాఱునో గుర్తులు తెలుపుటచేత, వినువారు తమకు కావలసిన అధ్యాయమునకు నేరుగా పోగలుగుచున్నారు.

ఇక పెద్ద పనిలో ఈ పద్ధతి ఎట్లు నిలిచినదో చూతము. ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు ముద్రణము 1884లో ప్రారంభమై 1928లో ముగిసినది. ప్రతి పదమునకును ఉచ్చారణము, వ్యుత్పత్తి, అర్థములు, ఏ సంవత్సరమున ఎవరు ఎట్లు వాడిరో తెలుపు ఉదాహరణములు అందు కలవు. 1984లో దానిని కంప్యూటరులోనికి ఎక్కించుటకు పూనుకొనిరి. అమెరికాలో 120 మందికి పైగా టైపు చేయువారు 35 కోట్ల అక్షరములకు మించి ఎక్కించిరి; ఇంగ్లండులో 55 మంది ప్రూఫులు దిద్దిరి. అక్షరములను మాత్రమే టైపు చేసినచో అది పెద్ద కాగితపు మోపు వంటిదే యగును. కాని వారు ఇది శీర్షపదము, ఇది వ్యుత్పత్తి, ఇది ఉదాహరణము, ఇది దాని సంవత్సరము అని గుర్తులతో ఎక్కించిరి. 1989లో రెండవ కూర్పు 20 సంపుటములుగా వెలువడినది.

ఆ గుర్తుల ఫలము మన భాషకును కొంత సంబంధించి యున్నది. మన పందికొక్కు ఆంగ్లమున బాండికూట్ అయినది. ఆంగ్లములోనికి ఇట్లు పోయిన తెలుగు మాటలేవి యని అడిగినచో, గుర్తులు లేని పాఠమున "తెలుగు" అను మాట కనబడు ప్రతి చోటును చూడవలయును. ఏదో ఉదాహరణ వాక్యములో తెలుగువారి ప్రస్తావన వచ్చినను అదియు బయటపడును. గుర్తులున్న పాఠమున వ్యుత్పత్తి భాగమునందు మాత్రమే వెదకుమని చెప్పవచ్చును. మొదటి కూర్పు పండితులు ఊహింపని ప్రశ్నలకు సైతము వారి శ్రమనుండియే నేడు సమాధానము లభించుచున్నది.

ఇంతకంటె మనకు దగ్గఱిది శాసనముల సంగతి. ప్రాచీన గ్రంథములను, లిఖితములను గుర్తులతో భద్రపఱచుటకు ఒక ఉమ్మడి పద్ధతి కావలయునని 1987 నవంబరులో అమెరికాలోని పకీప్సీ పట్టణమున పండితులు సమావేశమైరి. అక్కడ పుట్టిన పద్ధతికి టి.ఇ.ఐ. అని పేరు. దానిని శాసనములకు అనువుగా మలచిన రూపము ఎపిడాక్. అమరావతి, నాగార్జునకొండ మొదలగు చోట్ల లభించిన ఆంధ్రదేశపు తొలి ప్రాకృత, సంస్కృత శాసనములను ఫ్రాన్సు దేశపు ప్రాచ్య విద్యాసంస్థ పండితులు ఈ పద్ధతిలోనే సంకలనము చేసిరి.

శిలపై కొన్ని అక్షరములు స్పష్టముగా ఉండును. కొన్ని అరిగి యుండును. కొన్ని పెచ్చులూడి పోయియుండును. పోయినచోట ఏ యక్షరములుండెనో పండితుడు సందర్భమును బట్టి పూరించును. చెక్కినవాడు చేసిన తప్పునకు సవరణమును సూచించును. వీనినన్నిటిని ఒక్క తీరుగా వ్రాసిపెట్టినచో, కొంతకాలమునకు శిల పలికినదేదో, పండితుడు పలికించినదేదో తెలియకుండ పోవును. రాజు పేరు ఊహించి పూరించినదైనను, చరిత్ర పుస్తకములలో నిశ్చయముగా పాతుకొనును. ఈ పద్ధతిలో అస్పష్టమునకు ఒక గుర్తు, లుప్తమునకు ఒక గుర్తు, పూరణమునకు ఒక గుర్తు కలవు. ఎవరి మాట వారికి దక్కును. ఈ భాష చేయు మేళ్లలో ఇదియే మేలైనదని నా యభిప్రాయము.

పత్రము చిరకాలము నిలుచుట మఱియొక ముఖ్య విషయము. గడచిన దశాబ్దములలో తెలుగున టైపు చేసిన కంప్యూటరు పత్రములు పెక్కింటిలో, లోపల దాచినవి తెలుగు అక్షరములు కావు. ఆంగ్లాక్షరముల సంఖ్యలకు పైన తెలుగు ఆకారములు తొడిగిరి. ఆ అక్షర రూపములు గల సాధనము లేనిచోట ఆ పత్రమును తెఱచినచో అర్థములేని చిహ్నముల గందరగోళమే కనబడును. కన్నులకు తెలుగుగా కనబడిన చాలునని తలచిన దాని ఫలమిది. తాటాకు తెఱచి చదువుటకు లిపి తెలిసిన చాలును. ఈ పత్రములకు లిపి తెలిసినను చాలలేదు. ప్రపంచ లిపుల అక్షరములకు స్థిరమైన సంఖ్యల నేర్పఱచిన యూనికోడ్ ప్రమాణమున 1991లో వెలువడిన మొదటి కూర్పునందే తెలుగునకు స్థానము లభించినది. ఎక్స్.ఎం.ఎల్. ఆ యూనికోడ్‌నే పునాదిగా గ్రహించినది. అందుచేతనే పైని చూపిన పత్రములో విషయమును తెలుగే, గుర్తులును తెలుగే. దానిని చదువుటకు ప్రత్యేకమైన సాధనము ఏదియు లేకున్నను, తెలుగు చదువ నేర్చినవారికి అర్థమగును. ఏ వ్యాపార సంస్థ మూతపడినను ఆ పత్రము మూగపోదు.

ఈ పద్ధతికి దోషములును కలవు; వానిని దాచుట న్యాయము కాదు. విషయముకంటె గుర్తులే ఎక్కువ చోటు ఆక్రమించును. యంత్రములు తమలో తాము చిన్న చిన్న సమాచారములు పంపుకొనుటకు నేడు జేసన్ అను తేలిక పద్ధతిని ఎక్కువగా వాడుచున్నారు. పెట్టెలో పెట్టె యను నియమము కొన్నింటికి ఇముడదు. మన ఉత్పలమాలలో పాదము ముగియుచోట మాట ముగియవలయునని లేదు. మాట సగము ఈ పాదమున, సగము పై పాదమున నుండవచ్చును. పాదమునకు ఒక పెట్టె, మాటకు ఒక పెట్టె పెట్టబోయినచో రెండును ఒకదాని నొకటి కోసికొని పోవును. దీనికి ఉపాయములు పన్నిరి గాని అవి సహజముగా లేవు.

అన్నిటికంటె కష్టమైనది పేర్లు కుదుర్చుట. పంట కాలువ యని ఒకరు, బోదె యని ఒకరు, వాగు అని మఱియొకరు గుర్తు పెట్టినచో యంత్రమునకు అవి మూడును వేఱు. అందఱును కూర్చుండి, దేనిని ఏ పేరున పిలువవలయునో, ఏ భేదములు నిలుపవలయునో ఒప్పుకొనవలయును. నియమములు వ్రాయువారు పట్టణములలో నుందురు. మెరకకు పల్లమునకు, మాగాణికి మెట్టకు, డొంకకు పుంతకు గల భేదములు గ్రామములలోని పెద్దలకు తెలియును. ఒకానొక భేదమునకు గుర్తు లేకపోయినచో, ఆ భేదము పత్రములో నిలువదు. పత్రములో నిలువనిది రెండు తరములకు వివాదమై లేచును.

కావున మీ గ్రామమునకు సంబంధించిన లెక్కలనో, దేవాలయపు శాసనమునో, వంశావళినో కంప్యూటరులోనికి ఎక్కించుటకు ఎవరైన వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడుగుడని మిమ్ము కోరుచున్నాను. మీరు ఉంచునది కాగితపు ఛాయాచిత్రమా, అక్షరములా, లేక ఏ భాగము ఏమిటో తెలుపు గుర్తులతో కూడిన అక్షరములా? ఆ గుర్తుల పేర్లు ఎవరు నిర్ణయించిరి. అందు మా యూరి మాటలకు చోటున్నదా? ఈ సాధనము రేపు లేకపోయినను మా మనుమలు దీనిని చదువగలరా?

ఈ ప్రశ్నలు అడుగుటకు కంప్యూటరు విద్య అక్కఱలేదు. ఛాయాచిత్రమే యన్నచో దానిని తప్పక ఉంచుకొనుడు; మూలప్రతికి అది సాక్ష్యము. కాని దానితో తృప్తిపడక, గుర్తులతో కూడిన పాఠమును గూడ వ్రాయించుడు. వ్రాసినదానిని మీ యెదుట బిగ్గఱగా చదివించుకొని, గుర్తుల పేర్లతో సహా సరిచూచుకొనుడు. పిమ్మట ఒక ప్రతిని గ్రామములోనే, ఒక ప్రతిని వేఱొక చోటను భద్రపఱచుడు.

సెలవు.